వందనాల జాబితాలో నా పేరు

నా పేరు ఎవరికైనా రెండుసార్లు చెప్పాలి. చెప్పీ చెప్పీ విసుగెత్తిపోయాను. బ్యాంకులోనూ అంతే, రేషన్ కార్డు దగ్గరా అంతే, గ్యాస్ బండ కోసం ఫోన్ చేసినా అంతే. మొదటిసారి చెప్పగానే అవతలివాళ్ళు "ఆఁ?" అంటారు. రెండోసారి విన్నాక "ఇదేం పేరమ్మా?" అంటారు. పెర్సిస్. బైబిల్లో ఉంది లెండి అంటాను. ఆ మాటకు వాళ్ళు ఊరుకుంటారు, నేనూ ఊరుకుంటాను. దాని అర్థం ఏమిటని ఎవరినీ అడగకుండానే అరవయ్యేళ్ళు గడిపేశాను.

ఇప్పుడు అడగవలసి వచ్చింది, మా అమ్మాయి వల్ల. మొదటి కాన్పుకి తిరుపతిలో నా దగ్గరికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మూడోరోజు, నేను పాప స్నానానికి నీళ్ళు తోడుతుంటే మంచం మీద నుంచే చెప్పింది.

"అమ్మా, పాపకి నీ పేరే పెడతా ఉండాం. ఆయన కూడా సరే అన్నాడు."

ఆ మాటకు ఎవరైనా సంతోషపడతారు. నాకు కోపం వచ్చింది. చెంబు బకెట్లో పడేసి, "వేరే పేర్లే దొరకలేదా నీకు?" అన్నాను. అది నవ్వింది. నేను సిగ్గుపడుతున్నాననుకుంది. సిగ్గు కాదు, అలసట. ఒక పెద్దాసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా నిలబడి, పోయినేడాది రిటైరయ్యాను. పిక్కల మీద నరాలు ఉబ్బి తాళ్ళలా తేలాయి. పొద్దున లేస్తే మొదటి నాలుగడుగులు గోడ పట్టుకుని వేస్తాను. ఈ అలుపుకూ నా పేరుకూ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. అయినా ఆ రెండింటినీ విడదీసి చూడటం నాకు ఎప్పుడూ చేతకాలేదు. జానెడు పిల్ల, దానికి ఆ రెండూ కలిపి ఇస్తున్నారనిపించింది.

మా పల్లె పూతలపట్టు దగ్గర. అక్కడి చర్చిలో పేరు పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. తొలిచూలు బిడ్డను అమ్మమ్మే ఎత్తుకుని ముందుకు పోవాలి. అందరికీ వినబడేటట్టు పేరు మూడుసార్లు చెప్పాలి. అప్పుడు పాస్టరు అయ్యగారు పుస్తకంలో రాసుకుంటారు. అమ్మమ్మ నోట ఏం వస్తే అదే పేరు. ఒకసారి వచ్చాక ఇక తిరుగులేదు, తల్లిదండ్రులైనా మార్చడానికి లేదు. మా అమ్మాయి తన బిడ్డకు అక్కడే పేరు పెట్టాలంది. నెల నిండాక వచ్చే ఆదివారం అనుకున్నాం. అంటే నేను అంతమంది ముందు నిలబడి నా పేరే మూడుసార్లు గట్టిగా చెప్పాలి.

నేను పుట్టిన కాలంలో పేరు ఎంచుకునే హక్కు ఇంటివాళ్ళకు లేదు. అయ్యగారే ఇచ్చేవారు. పల్లెలో ఇంటికొక యోహాను, ఇంటికొక మరియమ్మ అయిపోయి, ఒకరిని పిలిస్తే నలుగురు పలికేవారట. దాంతో ఆ పాత అయ్యగారికి విసుగొచ్చింది. రోము పట్టణంలోని విశ్వాసులకు అపొస్తలుడు రాసిన ఉత్తరం ఒకటి బైబిల్లో ఉంది కదా, దాని చివర ఫలానావాళ్ళకు వందనాలు, ఫలానావాళ్ళకు వందనాలు అంటూ ఒక పెద్ద జాబితా ఉంటుంది. ఎవరూ పెట్టుకోని పేర్లన్నీ ఒకే చోట దొరికాయని ఆయన సంబరపడ్డారట. ఇక ఆ జాబితా పట్టుకుని పైనుంచి కిందికి వరుసగా పంచుకుంటూ వచ్చారు. మగపిల్లవాడు పుడితే తరువాతి మగపేరు, ఆడపిల్ల పుడితే తరువాతి ఆడపేరు. అందుకే మా పల్లెలో మేకలు కాసే ఆయన పేరు అసుంక్రితు. గానుగ దగ్గర బెల్లం వండే ఆయన పేరు ఫిలొలొగు. చిత్తూరు నుంచి వచ్చిన ఓటర్ల లిస్టు ఆఫీసరు ఒకాయన మా పల్లె పేర్లు రాయలేక పెన్ను పక్కన పెట్టి మంచినీళ్ళు అడిగాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

నేను పుట్టిన ఏడు మా పల్లెలో నెల తేడాలో ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. ముగ్గురికీ ఒకే ఆదివారం పేర్లు. ముందు వచ్చి కూర్చున్నవాళ్ళకు ముందు పేరు. మా అమ్మమ్మ అప్పటికే పోయింది కాబట్టి అమ్మే నన్ను ఎత్తుకుని రావాలి. ముందురోజు వాన పడింది. నేల మెత్తగా ఉండగానే వేరుశనగ పీకాలని ఆసామి ఆదివారం కూడా పనికి పిలిచాడు. అమ్మ నన్ను గట్టు మీద చీర ఉయ్యాలలో పడుకోబెట్టి నాలుగు సాళ్ళు పీకి, చేతుల మట్టి కూడా కడుక్కోకుండా పరుగెత్తుకుని వచ్చింది. అప్పటికే త్రుఫైనా అనే పేరు ఒకరికి, త్రుఫోసా అనే పేరు ఇంకొకరికి అయిపోయాయి. జాబితాలో ఆ తరువాతి పేరు పెర్సిస్. అది నాకొచ్చింది.

"ఆ పొద్దు ఇంకొంచెం ముందొచ్చింటే నీకు వేరే పేరొచ్చుండేది," అని అమ్మ ఎన్నిసార్లు చెప్పుకుందో. ఆ పేర్లలో ఏది మంచిదో ఏది చెడ్డదో ఆమెకు తెలియదు. ఆలస్యంగా వచ్చానన్నదే ఆమె బాధ.

ఆమె నోటికి పెర్సిస్ ఎన్నడూ తిరగలేదు. తిరగాలని ప్రయత్నించినట్టు కూడా నాకు గుర్తులేదు. నేను పుట్టగానే ఏడిస్తే మామిడితోపులో చిలక అరిచినట్టు ఉందట. "సిలకా" అని పిలిచేది. ఇంట్లో సిలకా, చేలో సిలకా, తలకు నూనె రాస్తూ సిలకమ్మా. బయట అందరికీ నేను పెర్సిస్‌నే. నా నర్సు చదువు రెండో ఏడులో అమ్మ జ్వరంతో పోయింది. ఆ తరువాత నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. మా అమ్మాయికి ఆ పేరు ఒకటి ఉండేదని కూడా తెలియదు. నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

అర్థం సంగతికి వస్తాను. చాలా ఏళ్ళ కిందట మా వార్డులో చిత్తూరు నుంచి వచ్చిన ఒక ముసలి దర్జీ రోగిగా ఉండేవాడు. ముస్లిము. ఇంట్లోవాళ్ళతో ఉర్దూలో, మాతో తెలుగులో మాట్లాడేవాడు. నా కోటు మీద పేరు బిళ్ళను కళ్ళద్దాలు పైకెత్తి చదివాడు.

"సిస్టరమ్మా, మీ పేర్లో ఫారసీ ఉండాదే. మా తాత ఫారసీ సదివినోడు. ఆ ఫారస్ దేశం పేరు మీకెట్లొచ్చె?"

"మాది పూతలపట్టు దగ్గర పల్లె సాయిబూ. ఫారసీ యాడ, మేం యాడ," అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. తన ఐదుగురు బిడ్డల పేర్లూ చెప్పి, ఒక్కొక్కదాని అర్థం వివరించాడు. వెలుగు ఒకరు, ఓర్పు ఒకరు, ఇలా. "అర్థం తెలీకుండా మేం బిడ్డకు పేరు పెట్టం సిస్టరమ్మా. నేనింటికి పొయ్యేలోపల మీదేందో కనుక్కోండి," అన్నాడు. నాకు తలకొట్టేసినట్టయింది. కనుక్కుంటానని మాట ఇచ్చాను. అప్పుడే ఎవరో సెలైన్ అయిపోయిందని కేకేశారు, వెళ్ళిపోయాను. ఆ తరువాత కనుక్కోలేదు.

ఈసారి మాత్రం కదిలాను. బైబిలు కాలేజీలో గ్రీకు చెప్పి రిటైరైన అయ్యగారు ఒకరు చంద్రగిరిలో ఉంటున్నారని విని, బాలింతను పక్కింటావిడకు అప్పగించి బస్సెక్కాను. కోట గోడ కనబడే సందులో చిన్న ఇల్లు. ఆయనకు ఎనభై దాటి ఉంటాయి. గ్రీకు గురించి అడగడానికి మనిషి వచ్చిందని తెలిసి ఆయన ముఖం విప్పారింది. కాఫీ ఇప్పించి, కాగితం మీద నా పేరు గ్రీకు అక్షరాల్లో రాసి చూపించారు. నా పేరును అట్లా రాసి ఉండగా చూడటం అదే మొదలు. చూడముచ్చటగానే ఉంది.

"దీనికి అర్థం ఏందయ్యగారూ?" అన్నాను.

"పర్షియా దేశపు ఆడమనిషి అని అమ్మా. అంతే. ఇప్పటి ఇరాన్."

"అంతేనా? ఇంకేం లేదా?"

"ఇంకేం ఉంటాది? ఊరిని బట్టి వచ్చిన పేరది. ఆ కాలంలో గ్రీకులు, రోమావాళ్ళు దూరదేశాల మనుషుల్ని కొనుక్కోనొచ్చి ఇండ్లల్లో పెట్టుకునేవాళ్ళు గదా. వాళ్ళ పేర్లు అడిగి, నోరు తిప్పుకోని పలికే ఓపిక యజమానులకు యాడిది? యా దేశం నుంచొస్తే ఆ దేశం పేరే. బానిస ఆడోళ్ళకు ఇట్లాంటి పేర్లు శానా ఉండేవి. ఈమె బానిసో, విడిపించుకున్న మనిషో, బానిసల బిడ్డో మనకు ఖాయంగా తెలీదు. ఆ పేరును బట్టి అట్లా అనుకుంటారు, అంతే."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. "మరి ఆమె సొంత పేరు?"

"ఎవరికి తెలుసమ్మా. వాళ్ళమ్మ ఏదో ఒకటి పెట్టే ఉంటాది. రాసిపెట్టినోళ్ళు లేరు."

ఆయనకు నన్ను నొప్పించానేమోనని అనుమానం వచ్చినట్టుంది. ఉత్తరం రాసినాయన ఆమెను ప్రియమైనది అన్నాడని, చాలా కష్టపడిందని మెచ్చుకున్నాడని, ఆమె గురించి లోకానికి తెలిసింది ఆ ఒక్క మాటేనని చెప్పారు. నాకు ఓదార్పు కలగలేదు. రెండువేల ఏళ్ళు నిలిచి ఉన్న పేరు, దాని పక్కన కష్టపడింది అన్న ఒక్క మాట. నా రిటైర్మెంటు రోజున శాలువా కప్పి వాళ్ళు అన్నదీ ఆ మాటే. వచ్చేముందు త్రుఫోసాకు అర్థం ఏమిటని అడిగాను. ఊరికే అడిగాను.

"సుకుమారి అనుకో. సుఖంగా, మెత్తగా బతికే మనిషి. త్రుఫైనా కూడా ఇంచుమించు అదే," అన్నారు.

నాలుగు సాళ్ళ వేరుశనగ. అమ్మ ఆ నాలుగు సాళ్ళు పీకకుండా వచ్చి ఉంటే నేను సుకుమారిని. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన ముందు రెండూ బాగుండవని వందనాలు చెప్పి లేచాను.

తిరుగు బస్సులో సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి ఆ పర్షియా ఆడమనిషి గురించే ఆలోచించాను. పేరు కూడా అడగని మనుషులేమిటని వాళ్ళ మీద మండిపడ్డాను. ఆ మంట ఎంతోసేపు నిలవలేదు. ముప్పై నాలుగేళ్ళు నేను చేసిందేమిటి? "పూతలపట్టామెకు ఇంజెక్షన్ అయిందా? గూడూరు ముసలాయనకు బీపీ చూడు. తొమ్మిదో నంబరు ఏమీ తినలేదట." మా వార్డులో అందరమూ అట్లాగే పిలిచేవాళ్ళం. పేరు కేసు షీటు మీద ఉండేది, నోట్లో ఊరో నంబరో ఉండేది. అంతమందిలో పేర్లు గుర్తుపెట్టుకోవడం కుదిరేది కాదు, నిజమే. ఆ యజమానులూ అదే చెప్పి ఉంటారు. పేరుకు అర్థం ఉండాలని నాకు బుద్ధి చెప్పిన ఆ దర్జీ పేరు నాకిప్పుడు గుర్తులేదు. ఆరో నంబరు అని మాత్రం గుర్తుంది. నాకు చాలా బాధ కలిగింది, ఆ బాధను చెప్పుకోవడానికి కూడా ఆయన పేరు నా దగ్గర లేదు.

ఇంటికి వచ్చి మా అమ్మాయికి అంతా చెప్పాను. అర్థం తెలిస్తే మనసు మార్చుకుంటుందనుకున్నాను. అది పాపకు పాలిస్తూ విని, "కష్టపడిన మనిషనే గదా రాసినారు. మరి నీకు సరిపోయిందిలే. నాయన పోయినాక నువ్వు నన్నెట్ల సదివించినావో నాకు తెల్దా? అందుకే నీ పేరు పెడతా అంటా ఉండా," అంది.

"నా కష్టం దానికెందుకే? పుట్టి నెల కాలేదు."

"మరి ఏం పేరు పెట్టమంటావు, నువ్వే సెప్పు."

వద్దనడం తెలుసు కానీ ఏది కావాలో తెలియలేదు. అది ముఖం తిప్పుకుంది. మా మధ్య రెండురోజులు మాటలు లేవు. గంజి పెడితే తాగేది, గ్లాసు కింద పెట్టేది. పేరు చెప్పేది అమ్మమ్మే కాబట్టి నేను ఏదైనా చెప్పొచ్చు. కానీ నేను కాదంటున్నది దాని ప్రేమను. అది నాకు తెలుసు. చివరికి శనివారం పల్లెకు బయలుదేరేటప్పుడు, "సరేలే, నువ్వన్నట్టే చెప్తాను," అన్నాను. ఓపిక అయిపోయింది.

పల్లెలో మా పాత ఇల్లు లేదు. నాతోపాటు పేరు పెట్టించుకున్న ఆ రెండో పిల్ల, త్రుఫోసా, ఇంట్లోనే దిగాం. రెండో పిల్ల అంటే ఇప్పుడు అరవయ్యేళ్ళ మనిషి. మొదటి పిల్ల, త్రుఫైనా, చిన్నప్పుడే పోయింది. ఈమె ఇటుకల బట్టీలో చేసింది, చెరుకు నరికింది, ఇప్పుడు మామిడిరసం ఫ్యాక్టరీలో సీజనంతా కాయలు ఏరుతుంది. మామిడి సొనకు వేళ్ళ చివర్లు నల్లగా కాలి చర్మం లేచిపోయి ఉంది. సాయంత్రం వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటే ఆమె పేరుకు అర్థం చెప్పాను.

చేతిలో కాయ వదిలేసి నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"నేనా? సుకుమారినా? ఏమ్మే, ఈ సేతులు సూసి సెప్పు!" అని రెండు అరచేతులూ నా ముందు చాపింది. "మీ యమ్మ ఒగ్గడియ ముందొచ్చింటే ఈ సుకమంతా నీకే వచ్చుండు గదమ్మే! నేనే కొట్టేసినా!"

ఆ నవ్వు నాకూ అంటుకుంది. ఇద్దరం కొంగులతో కళ్ళు తుడుచుకున్నాం. నాకు రాకుండా ఎవరో కాజేశారనుకున్న సుఖం ఆ చేతుల్లో ఎక్కడా లేదు. ఆమె మళ్ళీ చిక్కుడుకాయ అందుకుని, మామూలుగా, ఏదో గుర్తొచ్చినట్టు అంది.

"అయినా మీ యమ్మ యానాడు నిన్ను ఆ పేరుతో పిలిసింది? సిలకా, సిలకా అని ఆ గట్టు మీంద నుంచి కేకేస్తే మా యింటి దాకా ఇనపడేది. నాకు కుళ్ళుగా ఉండేది మే. మా యమ్మ నన్ను ఒసే అనేది."

నలభై ఏళ్ళ తరువాత ఆ పేరు ఇంకొకరి నోట విన్నాను. చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి పోయాను.

ఆదివారం చర్చి నిండింది. మా అమ్మాయి చాప మీద మొదటి వరుసలో కూర్చుంది. పాపను ఎత్తుకుని ముందుకు పోయాను. మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయి, పాప నిద్రలో పెదవులు చప్పరిస్తోంది. ఇప్పటి అయ్యగారు కుర్రవాడే, పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని, చెప్పండమ్మా అన్నట్టు చూశాడు. మా అమ్మాయి కూడా నా వైపే చూస్తోంది. దానికి ఇచ్చిన మాట నాకు గుర్తుంది. ఆ పర్షియా ఆడమనిషి కూడా గుర్తుంది. ఎక్కడో ఒక ఊళ్ళో వాళ్ళమ్మ ఆమెను ఏదో ఒక పేరు పెట్టి పిలిచే ఉంటుంది, గట్టు మీద నుంచి కేకేసే ఉంటుంది. ఆ పేరు తెలిసిన చివరి మనిషి పోయాక అది లేకుండా పోయింది. నాది తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. ఇద్దరమూ ముసలివాళ్ళమే.

"సిలక," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎవరూ "ఆఁ?" అనలేదు. ఇంకో రెండుసార్లు చెప్పాను, ఇంకా గట్టిగా. ఆడవాళ్ళ వైపు చివరి వరుసలో ఎవరో ముక్కు చీదారు. ఎవరో నాకు తెలుసు.

అయ్యగారు పెన్ను ఆపి, "ఇది బైబిల్లో ఉందామ్మా?" అని మెల్లగా అడిగాడు.

"లేదయ్యా. రాసుకోండి," అన్నాను.

రాసుకున్నాడు. నేను వచ్చి మా అమ్మాయి పక్కన కూర్చున్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కోపమో, బాధో. పాపను నా చేతుల్లో నుంచి తీసుకుని, తల వంచి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"నీ పేరు పెట్టమంటే... అది ఎవరి పేరమ్మా?"

"నాదే," అన్నాను. "మా అమ్మ పిలిచింది."